ఈము దూకిన గోడ

మా పార్కులో ఈము పక్షిని ఏడాది పొడవునా గదిలోనే ఉంచాలా, బయటికి వదలాలా అన్న మీటింగు ఈ ఏడు మూడుసార్లు పెట్టారు. మూడుసార్లూ టీలు తెప్పించింది నేనే. ఆ పక్షి గదిలో పడటానికి కారణమూ నేనే. ఆ రెండో సంగతి చెప్పడానికి నాకు మూడో మీటింగు దాకా ధైర్యం రాలేదు.

బందరు చివర కొందరు పెద్దలు కలిసి పిల్లల కోసం నడుపుతున్న చిన్న పార్కు మాది. కుందేళ్ళు, బాతులు, టర్కీ కోళ్ళు, ఒక ఈము. గుడివాడ నుంచి రోజూ బస్సులో వచ్చి టిక్కెట్ల గదిలో కూర్చుంటాను. ముదినేపల్లి వైపు ఒక రైతు, ఈములు పెంచితే లాభాలన్న మాట నమ్మి, చివరికి కొనే దిక్కులేక, మిగిలిన ఒక్కదాన్నీ మినీ వ్యానులో తెచ్చి మా గేటు దగ్గర దించి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. టిక్కెట్టు కొన్న వాళ్ళకు మాత్రం నేను అలా చెప్పేవాణ్ణి కాదు. ఆస్ట్రేలియా నుంచి ఓడ వెనకాల ఈదుకుంటూ వచ్చి బందరు రేవులో దిగిందనీ, కస్టమ్స్ వాళ్ళు దాని మెడ మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ వేరే లెక్క రావడంతో విసుగెత్తి వదిలేశారనీ చెప్పేవాణ్ణి.

మా అమ్మది దివిసీమ. ఉప్పెన చూసిన మనిషి. తుఫాను మాట చెవిన పడితే ఆవిడ ముందుగా చూసేది బియ్యం మూటను కాదు, పశువుల పలుపుల్ని. విప్పేసేది. కట్టేసిన గొడ్డు కట్టేసిన చోటే పోతుంది, విప్పిన గొడ్డు ఏదో ఒక మిట్ట ఎక్కుతుంది అనేది.

కిందటేడు రేవులో ప్రమాద సూచిక ఎగరేశారు. మైకు కట్టిన ఆటో వీధులన్నీ తిరిగింది. మధ్యాహ్నానికే పార్కు మూసి అందరూ వెళ్ళిపోయారు. చివర్న నేను ఈము దొడ్డి గడియా, పెద్ద గేటు గడియా తీసి, దాంతో "ఇక నీ ఇష్టం" అని చెప్పి బస్సెక్కాను.

తుఫాను దారి మార్చుకుని ఎటో పోయింది. మా మీద నాలుగు చినుకులు రాల్చింది, అంతే. మర్నాడు పొద్దున ఈము ఏ మిట్టా ఎక్కకుండా పార్కు బయట సైకిల్ స్టాండు రేకుల కింద నిలబడి ఉంది. నాకంటే ముందు వచ్చిన మేత వేసే అక్క, తెరిచి ఉన్న గడియలన్నీ అలవాటు ప్రకారం వేసేసింది. ఆ తర్వాత వచ్చాడు మా సెక్రటరీ, రిటైరైన హెడ్మాస్టరు.

"గడియలన్నీ వేసే ఉన్నాయి. ఇదెలా బయటికొచ్చిందయ్యా?" అన్నాడు.

ఉద్యోగం గుర్తొచ్చింది. ఆ తర్వాత నోరు దాని పని అది చేసుకుపోయింది.

"దూకిందండీ మాస్టారూ. ఆరడుగుల గోడ, ఒక్కటే దూకు. నిన్న బస్సెక్కబోతూ నా కళ్ళతో చూశాను. దూకి ఊరుకుందా, అవనిగడ్డ మీదుగా పాలకాయతిప్ప పోయి, సముద్రంలో ఒక గుక్క తాగి, ఉప్పగా ఉందని తిరిగొచ్చిందట."

"సముద్రం సంగతి వదిలెయ్. గోడ దూకడం చూశావు కదా?"

"చూశానండీ."

కథలో బాగున్న సగం ఆయన పారేశాడు. పనికిరాని సగం జాగ్రత్తగా ఉంచుకున్నాడు. ఆ సాయంత్రమే ఈమును పాత మోటారు గదిలోకి తోలి తాళం వేయించాడు.

ఆయన చెడ్డవాడు కాదు. గదికి ఫ్యాను పెట్టించాడు. ఎండ లేదు, కుక్కల భయం లేదు, చిప్స్ కవర్లు విసిరేవాళ్ళు లేరు, ఇంతకన్నా ఏం కావాలి అంటాడు. ప్రతి మాటా నిజమే. రోహిణి కార్తె ఎండలో నేను కూడా ఆ గదిలో ఉండటానికి ఒప్పుకుంటాను. కానీ ఎండలు పోయాయి, వానలు వచ్చి పోయాయి, తాళం అలాగే ఉంది.

ఒకరోజు అక్క ఒక సంచి తెచ్చి నా ముందు పెట్టింది. నిండా ఈకలు.

"ఈ వారం ఊడ్చినవి, తమ్ముడూ. పీక్కుంటోంది. మేతేసినా ఇటు తిరగట్లా. గోడకేసే నిలబడుతోంది."

మూడో మీటింగులో లేచి నిలబడ్డాను.

"అది దూకలేదండీ. గడియ తీసింది నేను."

అందరూ నవ్వారు.

"పక్షి మీద ప్రేమతో తప్పు నెత్తినేసుకుంటున్నాడు," అన్నాడొకాయన.

"ఓడ వెనకాల ఈదొచ్చిందానికి గోడో లెక్కా బావా," అన్నాడు ఇంకొకాయన.

టీ ట్రేతో గుమ్మంలో ఉన్న అక్క అంది, "తీసే ఉన్నాయండీ. నేనొచ్చి వేశాను."

"నీకు కూడా నేర్పాడా అమ్మా?" అన్నాడు సెక్రటరీ.

ఇరవై ఏళ్ళుగా నేను ఏం చెప్పినా నమ్మిన ఊరు ఇది. కూర్చుండిపోయాను. మాస్టారు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు.

"సరే, పరీక్ష పెడదాం. రోజూ పొద్దున ఒక గంట దొడ్లోకి వదులుదాం. దాంతోపాటు లోపల నువ్వు నిలబడాలి. ఒక్కసారి ఎగిరిందా, మళ్ళీ గదే."

మర్నాడు తాళం తీశారు. ఈము బయటికి రాలేదు. తెరిచిన తలుపు వంక చూసి, మళ్ళీ గోడ వైపు తిరిగింది. పావుగంట గడిచింది.

"చూశావా, దానికి లోపలే హాయి," అన్నాడు మాస్టారు కంచె అవతల నుంచి. ఒకవేళ అంతేనేమో అని నాకూ అనిపించింది.

అక్క గొట్టం లాక్కొచ్చి గుమ్మం ముందు నేల తడిపింది. మట్టి వాసన లేచింది. ముందు మెడ బయటికొచ్చింది. తర్వాత ఒక కాలు. చాలాసేపటికి రెండోది. నాలుగడుగులు వేసి, బురదలో చతికిలబడి, బోడిపడ్డ వీపును అటూ ఇటూ రుద్దుకుంది. గోడ వంక చూడనైనా లేదు.

గేటు దగ్గర స్కూలు పిల్లలు కేక వేశారు. "అంకుల్, ఇదేనా గోడ దూకింది?"

"దూకలేదు."

"మరి ఓడ వెనకాల ఈదొచ్చిందన్నారుగా?"

"ముదినేపల్లి నుంచి వ్యానులో వచ్చింది."

వాళ్ళు కుందేళ్ళ వైపు వెళ్ళిపోయారు.

గంట అయింది. మాస్టారు తాళం చేత పట్టుకుని వాచీ చూసుకున్నాడు. "తోలవయ్యా లోపలికి."

"బురద కాళ్ళతో గదిలోకి తోలితే గిట్టలు కుళ్ళుతాయండీ. ఆరాక తోలాలి," అన్నాను. ఈముకు గిట్టలుండవని ఆయనకు తట్టలేదు.

"అయితే ఆరనీ," అన్నాడు.

నా వెనకాల అక్క గొట్టం నీళ్ళు ఇంకా ఆపలేదు.