కిటికీ మూల

మా చిన్న కోడలు ఏది పారబోసేముందైనా, "ఇది మళ్లీ ఎవరికన్నా కావాలా, అత్తమ్మా?" అని అడిగేది. పుణెలో కంప్యూటర్ చదువు సగంలో ఉండగానే పెళ్లయి, మగ్గాల వాడ భవాని పేట్‌లోని మా ఇంటికొచ్చింది. మగ్గాల చప్పుడు మధ్య ఆమెకంటూ ఉన్నది ఒక్క కిటికీ మూలే.

"ఏందే రాస్తున్నవు?" అన్నాను ఒకసారి.

"ప్రోగ్రాం నడవకముందే, అండ్ల దేన్ని మళ్లీ ఎవరూ వాడరో, దాన్ని మిషన్ బాసలకు మార్చే కంపైలర్ కనిపెట్టాలె. ఆ జాగాలనే కొత్తది పెట్టాలె. మనం పాత పడుగు కొసలకే కొత్త పడుగు అతుకుతం గదా, గట్లనే."

ఆ పొదుపు నాకు నచ్చింది.

కొన్నాళ్లకు ఆమె మొగుడు, నా చిన్న కొడుకు, ఆ మూలలో ఇంకో పవర్‌లూమ్ దింపించాడు. "నీ సదువు బందయింది గదా, జాగా ఖాళీయేనాయె," అన్నాడు.

ఆమె కాగితాలు ఒడిలోకి తీసుకుంది. "ఇంకా వాడుతున్నదాన్ని ఖాళీ అనుకుంటే అంతా తప్పుతది," అంది. అప్పటికే మగ్గం మొదలైంది. ఆ మాట పక్కనున్న నాకే వినబడింది.

ఆ తర్వాత ఆమె ఏది పారబోసినా, ఎవరినీ అడగలేదు.