బటన్ నొక్కని మధ్యాహ్నం

ఆయన్ని అందరూ లెన్స్ మేస్త్రి అంటారు. పాత వీడియో గేమ్ పెట్టెలు బాగుచేస్తాడు, ముఖ్యంగా సీడీ వేస్తే నడిచేవి. మెట్ల కింద కొట్టు. నలుగురు నిలబడితే ఐదోవాడు వీధిలో ఉండాల్సిందే. వచ్చేవాళ్ళంతా నలభై దాటినవాళ్ళు, బట్టతలలూ బొజ్జలూ. పెట్టెను పసిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకొస్తారు. "మేస్త్రీ, ఇంకొక్కసారి తిరిగితే చాలు" అని బతిమాలతారు. ఆయన మూత విప్పి, లెన్స్ తుడిచి, పెట్టెను బోర్లా తిప్పి పెడతాడు. అరిగిపోయిన లెన్స్ బోర్లా పెడితే సీడీకి కాస్త దగ్గరగా జారుతుంది. బొమ్మ పడగానే ఆ పెద్దమనుషులు ఇంటిదగ్గర భార్యలున్న సంగతి కూడా మర్చిపోతారు.

అప్పట్లో ఒకరకం ఆటలుండేవి. గీసిన బొమ్మలు కావు. నిజం మనుషుల్ని కెమెరాతో తీసి, కథ మధ్యలో ఆపి, ఇప్పుడేం చేస్తావని ఆడేవాణ్ణి అడిగేవి. ఎడమ నొక్కితే ఒక ముక్క, కుడి నొక్కితే ఇంకో ముక్క. నటన గురించి మాట్లాడుకోకపోవడమే మర్యాద. శవం కళ్ళార్పేది, ఏడ్చేవాడు నవ్వాపుకునేవాడు. తెర మీద ఇసుక చల్లినట్టుండేది. ఇప్పటి ఆటల్లో వెంట్రుక వెంట్రుకా కనిపిస్తుందట. కనిపిస్తే కనిపించనీ, ఎవరొద్దన్నారు! ఆ ఇసుక వెనకాల మాత్రం నిజంగా ఒక మనిషి ఉండేది.

మేస్త్రికి ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు. అలాంటి ఒక ఆటలో ఆయన భార్య ఉంది.

ఆవిడ ఒక చిన్న కంపెనీలో టైపిస్టు. ఆ కంపెనీ ఒకే ఒక్క ఆట తీసి మూతపడింది. పాడుబడ్డ హోటల్ కథ. రిసెప్షన్‌లో కూర్చోవాల్సిన నటి షూటింగ్ రోజున రాకపోయేసరికి, "నువ్వు కూర్చోమ్మా, రెండు ముక్కలేగా" అని ఈమెను కూర్చోబెట్టారు. ఆ రెండు ముక్కలకి రెండు రోజులు పట్టింది. ఆడేవాడు ఏ దారిన పోతాడో తెలియదు కాబట్టి, ఉన్న దారులన్నీ తీయాలి. ఆమె బతికే దారి ఒక్కటి. చచ్చే దారులు పదకొండు. ఇంటికొచ్చి నడుం వాల్చి, "పొద్దుట్నుంచీ చచ్చీ చచ్చీ ప్రాణం పోయిందండీ" అని పడీ పడీ నవ్వింది.

కూతురికి పది నెలలప్పుడు ఆవిడ నిజంగానే పోయింది. మూడురోజుల జ్వరం. ఆ చావుకి రెండో దారి లేకపోయింది.

నెల తిరక్కుండానే, ఒక్కసారి గొంతు వినాలనిపించి మేస్త్రి ఆ సీడీ వేశాడు. తొలి ప్రశ్నకే తప్పు నొక్కాడు. ఆమె వెనకున్న గుడ్డతెరలోంచి రెండు చేతులొచ్చి గొంతు పట్టుకున్నాయి. అక్కడితో కట్టేసి లేచిపోవలసింది. లేవలేదు. బతికే దారి ఉందని ఆమే చెప్పిందిగా, దాన్ని పట్టుకునేదాకా వదలనని మొండికేశాడు. పట్టుకునేలోపు పదకొండు చావులూ చూశాడు. ప్రతి చావుకీ తన వేలే కారణం. కొన్నిచోట్ల తప్పు నొక్కినందుకు, కొన్నిచోట్ల ఆలస్యం చేసినందుకు. దాంతో ఇక ఎక్కడా ఆలస్యం చేయకూడదనుకున్నాడు. ఎడమ, ఎడమ, తాళంచెవి, పైమెట్లు అని ఎక్కంలా వల్లెవేసుకున్నాడు. ఏడాదికొకసారి ఆ దారినే పరుగున ఆడి, ఆమె వీధి తలుపు తోసుకుని ఎండలోకి వెళ్ళిపోయాక సీడీ తీసి బీరువాలో దాచేవాడు.

ఆ ఇంట్లో ఇప్పటికీ కిటికీలకి తెరల్లేవు. "ఎండ మొహం మీద కొడుతోంది నాన్నా" అని కూతురు చిన్నప్పట్నుంచీ మొత్తుకునేది. ఆయన కిటికీకి పాత కాగితాలు అంటించేవాడే గాని, గుడ్డ ముక్క వేలాడనిచ్చేవాడు కాదు. కొట్లో ఏ పెట్టెలో సీడీ గిర్రున తిరగడం మొదలైనా వెనక్కి తిరిగి గోడ చూసుకుంటాడు. గోడే ఉంటుంది.

అమ్మ నటించిన ఆట ఏదని కూతురు అడిగినప్పుడల్లా సీడీ పాడైపోయిందని బొంకాడు. ఆ అబద్ధం ఇప్పుడు నిజం కాబోతోంది. సీడీని వెలుతురుకి పట్టి చూస్తే సూదిపోట్లలా చుక్కలు కనిపిస్తున్నాయి. వెండిపూత రాలిపోతోంది. కంప్యూటర్‌లో కాపీ చేయబోతే సగంలో ఆగిపోయింది. చేసేదిలేక, ఆమె బతికే దారిని ఆడుతూ ఫోన్‌తో వీడియో తీసిపెట్టుకున్నాడు.

కూతురికి ఇరవయ్యేడేళ్ళు. రక్తపరీక్షల ల్యాబ్‌లో పని. ఏదో ఫోటో కోసం తండ్రి ఫోన్ తెరిచి ఆ వీడియో చూసింది. ఫోన్ పట్టుకునే వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"పాడైపోయిందన్నావుగా?"

"చూస్తే నువ్వు తట్టుకోలేవని..."

"తట్టుకోలేంది నువ్వు నాన్నా. నా మీద పెట్టకు."

"సరే తల్లీ, తప్పయిపోయింది. ఆ వీడియో నీకూ పంపిస్తా."

"నాకు వీడియో వద్దు. అందులో అమ్మ నీతో మాట్లాడుతోంది. నాతో కూడా మాట్లాడాలి. నేనే ఆడతాను."

మేస్త్రికి ఆ పదకొండు చావులూ గుర్తొచ్చాయి. ఈ పిల్ల కళ్ళముందే కన్నతల్లి చస్తే? అందులోనూ తన వేలితో? ఆ చీకటి తనతోనే పోవాలనుకున్నాడు. కానీ కాదనే మొహం ఆయనకి లేదు. నేను చెప్పింది చెప్పినట్టు, చెప్పిన క్షణంలో నొక్కాలని ఒట్టు పెట్టించుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం పెట్టె బోర్లా తిప్పి పెట్టాడు. సీడీ రెండుసార్లు గరగరమని మూడోసారికి అందుకుంది. హోటల్ తలుపు తెరుచుకుంది. బల్ల వెనక ఆమె తలెత్తింది.

"చెప్పండి, ఏం కావాలి?"

"ఎడమ! ఎడమ నొక్కు!" అన్నాడు మేస్త్రి.

కూతురు నొక్కలేదు. ఆ పిల్లకి ఒట్టు గుర్తులేదు, చేతిలో ఏముందో గుర్తులేదు. అమ్మ కళ్ళు తనవైపే చూస్తున్నాయి. ఆమె ఊపిరి తీసుకుంటోంది. పెన్ను అటూ ఇటూ తిప్పింది. చెవి వెనక్కి జుట్టు తోసుకుంది.

"తల్లీ, నొక్కవే! చంపేస్తాడే!"

ఆట రిమోట్ లాక్కోబోయాడు. కూతురు చూపు తిప్పకుండానే చెయ్యి దూరంగా జరిపింది. బల్ల వెనక గుడ్డతెర కదిలినట్టనిపించింది మేస్త్రికి. గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. ఆమె చావుకేక కోసం ఒళ్ళంతా బిగబట్టుకున్నాడు.

కేక రాలేదు.

"ఏంటి, మాట రావట్లేదా?" అంది తెర మీది ఆమె. "ఫర్వాలేదు, నిదానంగా చెప్పండి. నాకేం తొందర? నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటాగా."

మేస్త్రి కళ్ళు తెరిచాడు. ఆటలో ఉన్న ప్రతి ముక్కా తనకి తెలుసనుకున్నాడు. ఇది తెలియదు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, వంటింటి గడప మీద కూర్చుని ఆయన కోసం చూసినట్టే చూస్తోంది. కాసేపు అలా ఉండి, మళ్ళీ పెన్ను తిప్పింది, జుట్టు తోసుకుంది, మళ్ళీ అదే మాట అంది. ఎవరూ రాలేదు. అక్కడ ఆమెకి ఏ ప్రమాదమూ లేదు. ఇన్నేళ్ళూ ఆమె ప్రశ్న అడిగిన మరుక్షణమే ఆయన ఎడమ నొక్కేసి ఆమెను అక్కణ్ణుంచి తరిమేశాడు. కాపాడుతున్నాననే అనుకున్నాడు పాపం.

"అమ్మా, నేనమ్మా" అంది కూతురు తెరతో. తర్వాత ఏవేవో చెప్పింది. ల్యాబ్ గురించి, పదో తరగతిలో తప్పిన లెక్కల గురించి, తండ్రి మొండితనం గురించి. తెర మీది ఆమె తొందరపడకుండా విన్నది. విన్నట్టే ఉంది.

ఆరోసారికో ఏడోసారికో సీడీ మళ్ళీ గరగరమంది. బొమ్మ అంచుల్లో గళ్ళుగళ్ళుగా విరిగింది. కూతురు ఉలిక్కిపడి పెట్టె వైపు వంగింది.

"నాన్నా, ఆపేస్తున్నా. ఇంకాసేపు తిరిగితే సీడీ పూర్తిగా పోతుంది."

మేస్త్రి కూతురి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ తల్లీ. మీ అమ్మకి నేనింకా ఏం చెప్పలేదు."