దేవదారు పెట్టెకు వార్నిష్

నా చిన్నప్పుడు, పటాన్‌చెరు పక్కన ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న రోజుల్లో, మా తాతయ్య వాటిలో ఒకదాంట్లో వడ్రంగి. ఉత్తరాది నుంచి మిషన్లు వచ్చే చెక్కపెట్టెలు విప్పడం ఆయన పని. ఒకసారి అడిగి నాలుగైదు పలకలు తెచ్చుకుని వాకిట్లో రందాతో చిత్రిక పట్టాడు. అబ్బ, ఏం వాసన! ఇల్లంతా నిండిపోయింది. రాలిన పొట్టు ఒళ్లో నింపుకుని నేను అక్కడే కూర్చుండిపోయాను.

"ఇది దేవదారు బిడ్డా. మెత్తగ కోతకొస్తది, చెద పట్టది. దీని వాసనకే పురుగు దగ్గరికి రాదు," అన్నాడు.

దేవదారు అంటే ఆదివారం చర్చిలో, ప్రసంగంలో వినే పేరు. అది మా వాకిట్లోకే వచ్చిందంటే నాకు కాలు నిలవలేదు.

చనిపోయిన మా నాయనమ్మ చేత్తో రాసుకున్న పాటల పుస్తకం ఇంట్లో ఉండేది. పురుగులు తొలిచి సగం పేజీలు జల్లెడైపోయాయి. మిగిలిన సగాన్ని కాపాడుకోవడానికే తాతయ్య ఆ పలకలతో పెట్టె చేస్తున్నాడు. అలాంటి కట్టె మళ్లీ దొరుకుతుందన్న ఆశ లేదు.

పెట్టె పూర్తయిన మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లాడు. ప్రసంగంలోకెక్కిన కట్టె ధగధగా మెరవాలి కదా అని నాకు తోచింది. వార్నిష్ డబ్బా తీసి లోపలా బయటా ఒక్క మూల వదలకుండా పూసేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

సాయంత్రం తాతయ్య మూత తీసి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూశాడు. నేనూ వంగి చూశాను. వార్నిష్ కంపు తప్ప ఇంకేమీ లేదు. నాయనమ్మ పుస్తకానికి కాపలా ఉండాల్సిన వాసనను నేనే కప్పేశానని అప్పుడర్థమైంది. వెక్కివెక్కి ఏడ్చాను.

ఆయన రెండు రోజులు ఆరనిచ్చి, మేకులు ఊడదీసి పలకలు విడదీశాడు. రందా నా చేతికిచ్చి, పైన తన చెయ్యి వేశాడు.

"బయట మెరిస్తే మెరవనీ. లోపల కట్టెకు జెర గాలాడాలె. నువ్వే తియ్యి."

నాలుగు పట్లు పట్టేసరికి లేత గోధుమరంగు కట్టె బయటపడింది, వాసన గుప్పుమంది. "వచ్చింది తాతా, వాసన వచ్చింది," అని గంతులేశాను.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆ తర్వాత ఒక్క అక్షరం పోలేదు. మా మనవరాళ్లలో ఎవరైనా ఏదైనా పాడుచేసి బిక్కమొహం వేసుకుని నిలబడితే, అసలే నోటి దురుసుదాన్ని, తిట్టు నాలుక చివరిదాకా వస్తుంది. అయినా ముందు పనిముట్టు చేతికిచ్చి పక్కన కూర్చుంటాను. పని అయ్యేసరికి తిట్టాలన్న సంగతి మా ఇద్దరికీ గుర్తుండదు.