పాకం తెలిసిన వేళ్ళు

ముప్పై ఏళ్ళపాటు రోలుగుంట చుట్టుపక్కల బెల్లం వండిన సూరన్న, పాకం కాగే పెనం పక్కనే కుప్పకూలి, నర్సీపట్నం ఆసుపత్రిలో తొమ్మిది రోజులుగా స్పృహ లేకుండా పడున్నాడు. డాక్టరు అతని వేలిగోరు మీద పెన్నుతో గట్టిగా నొక్కి, కదలిక లేదని కాగితం మీద రాసుకున్నాడు.

భార్య సింహాద్రమ్మకి ఒళ్ళు మండింది. "ఆ సేతికి ఏటి తెలుస్తాది బాబూ! సన్నీళ్ళలో ముంచి, పదును సూడ్డానికి మరిగే పాకం తీసి తీసి మొద్దుబారిపోనాది. ఇంకో కాడ నొక్కండి."

డాక్టరు కనుబొమ మీద నొక్కాడు. సూరన్న ముఖం చిట్లించలేదు.

డాక్టరు వెళ్ళాక ఆమె గ్లాసుతో చన్నీళ్ళు తెచ్చి భర్త వేళ్ళు ముంచింది. వేళ్ళు తడిస్తే చాలు, పాకం కోసం చెయ్యి చాపే మనిషి. చాలాసేపు చూసింది. ఒక్కొక్క వేలూ కొంగుతో తుడిచి, డాక్టరు దగ్గరికెళ్ళింది.

"మీరు రాసిందే నిజం బాబూ."