ఐజాక్ గారి ఓవెన్ తలుపు

తాడిపత్రిలో బండల పాలిషు పని మానుకున్న నాటినుండి ఐజాక్ గారికి లోకంలో శత్రుత్వమంటూ మిగిలినది ఒక్క మరకతోనే. అదీ తన యింటి పాత కరెంటు ఓవెన్ తలుపు మీది మరకతోనే. వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వచ్చిందంటే జనమంతా బిందెలతో తోసుకుంటారు. ఐజాక్ గారు మాత్రం మొదటి చెంబు ఆ తలుపు పేర తీసి పక్కన పెట్టిన తరువాతనే తక్కిన బిందెల సంగతి చూసేవారు.

ఆ తలుపుకు జరిగే సేవ పక్కింటి షాహిదాకు కంఠతా వచ్చు. నాన్‌ఖటాయి బిస్కెట్లు చేసి అంగళ్ళకు వేయడం ఆమె జీవనం. పిండి ఆమెది, ఓవెన్ వీళ్ళది. చల్లారిన అద్దానికి వంటసోడా ముద్ద పట్టించడం, అది నానేదాకా కుర్చీ వేసుకొని కాపలా కాయడం, పాత పంచె ముక్కతో తుడవడం, చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని చంటిబిడ్డ మెడ తుడిచినంత మెత్తగా తుడవడం, చివరకు బందులకు చుక్క నూనె వేయడం.

"మామా, మీ మొగమన్నా ఇంత శ్రద్ధగా కడుక్కుంటారా?" అనేది షాహిదా.

"నా మొగంలోనుంచి బిస్కెట్లు చూసే పనిల్యాదు గదమ్మా."

తుడవడంతో ముగిసినా బాగుండును. బిస్కెట్లు కాలుతున్నంతసేపూ ఆయన గుడ్డ భుజాన వేసుకొని, అద్దం ముందు గొంతుక్కూర్చొని, మరకల సమాచారం బిగ్గరగా వినిపించేవారు.

"ఈ మూల మరక ఇంకా తెల్లగానే ఉండాది... నడుమ పసుపు తిరిగినాది... ఇదో, ఎర్రబడుతాంది."

సరిగ్గా అప్పుడే పీటమీది సువార్తమ్మ గారు, ఆయన ధర్మపత్ని, "ఇంక తియ్యి" అనేవారు. బిస్కెట్లు ఏనాడూ మాడలేదు. కీర్తి ఆమె కంటికీ, మరకల ఐజాక్ అనే బిరుదు ఆయనకూ దక్కినాయి. ఆ బిరుదు పెట్టినది షాహిదాయే. ఇప్పుడు తలచుకుంటే ఆమెకు అదే గుచ్చుకుంటుంది.

ఒకనాడు ఐజాక్ గారు చర్చిలో ఎవరి జ్ఞాపకార్థ కూడికకో పోయినారు. షాహిదా పళ్ళెం లోపల పెట్టి, ఇంటికి పోయి పిండి కలిపి వచ్చేసరికి మాడు వాసన. అద్దంలో తన ముక్కుపుడక సైతం తళతళమంటున్నది. దాని వెనుక బిస్కెట్లు బొగ్గులవుతున్నాయి. సువార్తమ్మ గారు ఆ అద్దానికి ఎదురుగానే కూర్చొని ఉన్నారు.

"ఈయప్ప తుడిచేది ఇంతేనమ్మా. అంతా పొగ పట్టినట్లుండాది, ఏమీ కనపడల్యా."

ఐజాక్ గారు తిరిగి వచ్చేదాకా షాహిదా గడపలోనే నిలబడింది.

"మామా, మసక తలుపుకు కాదు గదా?"

"తెలుసమ్మా. పోయిన ఎండాకాలం నుంచీ తెలుసు." ఆయన గొంతు తగ్గించినారు. "ఈమె వాళ్ళమ్మ చూపు పోయి మూలన కూచున్నాది. ఆ భయానికి, కండ్ల మాటెత్తితే ఈమె అన్నం మానేస్తాది. తప్పు తలుపు మీద వేస్తే పోతాదిలే అనుకుంటి."

షాహిదాయే నచ్చజెప్పి, ఐజాక్ గారిని వెంటబెట్టుకొని సువార్తమ్మ గారిని కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. శుక్లాలు బాగా ముదిరినాయి. ఆపరేషనుతో ఎడమకన్ను తేరుకుంది. కుడికంటి దగ్గర మాత్రం డాక్టరు, "కొంచెం ముందు వచ్చింటే..." అని ఆగిపోయినాడు. ఆ సగం మాటను ఐజాక్ గారు ఇంటిదాకా మోసుకొని వచ్చినారు. ఎందుకింత తుడుస్తున్నావని నవ్వకుండా ఒక్కనాడు అడిగివుంటే ఆ కన్ను దక్కేదేమోనని షాహిదా కూడా మోసింది.

కట్టు విప్పుకొని ఆమె వచ్చేలోగా తలుపు మెరిసిపోవాలని ఐజాక్ గారు సోడాను నమ్మక, దాచివుంచిన బండల పాలిషు పొడి తీసినారు. సాయంత్రం దాకా రుద్దినారు.

ఇంటికి వచ్చిన సువార్తమ్మ గారు ఎడమకంటిని అద్దానికి ఆనించి చాలాసేపు చూసినారు.

"బండను అద్దం చేసినోడివి, అద్దాన్ని బండ చేసి పెట్టినావు గదయ్యా."

"నీకు బాగా కనపడాలని..."

"మరకలు రంగులు మార్చేది యాడన్నా ఉండాదా? బిస్కెట్ల రంగే మరకల పేర చెప్తాంటివని నాకు తెలీదనుకున్యావా? నీవు చెప్తాంటే బాగుండె, నోరు మూసుకుంటి."

షాహిదా చేసేదేమీ తోచక పళ్ళెం లోపల పెట్టింది. సువార్తమ్మ గారు పీట పాతచోటికి జరుపుకొన్నారు.

"చెప్పు. మరక ఏ రంగులో ఉండాది?"

గీతలు పడి మసకబారిన అద్దంలోనుంచి ఐజాక్ గారికి ఏమీ కనబడలేదు. ఆమె అడిగినప్పుడల్లా తలుపు వేలెడంత తెరిచి చూసినారు. సెగ మొగాన కొట్టి కన్నీళ్ళు తెప్పించింది.

"ఎర్రబడుతాంది."

"అయితే తియ్యి."

మాటిమాటికీ తలుపు తెరిచినందువల్ల వేడి పోయి, ఆనాటి బిస్కెట్లు పచ్చిగానే దిగినాయి. షాహిదా వాటిని అంగడికి పంపలేదు. ముగ్గురూ ఓవెన్ ముందే కూర్చొని, బాగున్నాయనుకుంటూ తిన్నారు.