బూరలు లేని బ్యాండు

తొమ్మిదో తరగతితో బడికీ నాకూ చెల్లిపోయింది. తర్వాత రాయచోటిలో ముగ్గురు స్నేహితులతో కలిసి బ్యాండు పెట్టాను. పాటలు మావే, గిటార్లు మావే, పిలిచేవాళ్లే లేరు.

ఒకరోజు షామియానాలు వేసే బాషా భాయ్ ఫోన్ చేశాడు. "మీది బ్యాండేనా అప్పా? పెండ్లికి రావాల" అన్నాడు. మైకులు, స్పీకర్లు సర్దుకుని సంబరంగా వెళ్లాం.

తీరా చూస్తే అక్కడ స్టేజీ లేదు. పెండ్లికొడుకు ఊరేగింపు కారులో కూర్చుని ఉన్నాడు. ఆయన మేనమామ మా గిటార్లను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, బూరలు యాడ?"

"మాది పాటల బ్యాండు మామా. బూరలుండవు."

"బూరల్లేని బ్యాండు యాడన్నా ఉండాదా? బాషా, నా పరువు తీస్తాండావు."

బాషా భాయ్ మొహం పాలిపోయింది. ఆ ఊళ్లో ఇక ఆయన షామియానా లేవదని, మా మొదటి ప్రోగ్రామే ఆఖరిదని నాకు అర్థమైంది.

"బూర నా నోట్లోనే ఉండాది మామా" అంటూ మైకు అందుకుని, బుగ్గలు పూరించి బాకా మోత మొదలుపెట్టాను. మావాళ్లు జనరేటర్ బండి మీద స్పీకర్లు పెట్టి గిటార్లు వాయించారు. ముందు ఆడవాళ్లు నవ్వారు. వీధి చివరికొచ్చేసరికి మేనమామే తువ్వాలు నడుముకు చుట్టి చిందేశాడు.

సామాను సర్దుతుంటే బాషా భాయ్ దగ్గరికొచ్చి, "పాడేది మీరు పాడండప్పా. మాట్లాడేది ఇంక నేను మాట్లాడతా" అన్నాడు.

కడప నుంచి కర్నూలు దాకా ఇప్పుడు మాకు ప్రోగ్రాములు కుదిర్చేది ఆయనే. ఆ రోజు మమ్మల్ని తిట్టి పంపేయని ఆయన మేలు మరవలేను. అడిగినవాళ్లకు మాత్రం ముందే చెప్తాడు:

"వాళ్లకాడ బూరలుండవు. నోరు శానా ఉండాది."