బొట్టు కడిగిన గొట్టాలు

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. మా ఆయన పోయాక కూడా ఆ నమ్మకం కలగలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనభైల మొదట్లో మేము తిరుపతిలో ఉండేవాళ్ళం. మా ఆయన కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. ఎండాకాలంలో చంద్రగిరి పక్క చెరువులు ఎండితే, అడుగున ఇనుప గొట్టాలు దించి మట్టి తీయించేవారు. పైన కొత్త మట్టి, కిందికి పోయేకొద్దీ పాతది. అందులో చిక్కుకున్న పుప్పొడిని బట్టి వందల ఏళ్ళ కింద ఇక్కడ వానలు ఎలా పడేవో చెప్పవచ్చట. పుప్పొడి చూసే పని స్వీడన్‌లో ఇంగ్రిడ్ అనే ఆమెది. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. ఏళ్ళ తరబడి ఉత్తరాలే.

ఆ నీలం కవర్లు చూస్తే నాకు ఒళ్ళు మండేది. నాతో అన్నం దగ్గర రెండు మాటలు మాట్లాడని మనిషి ఆమెకు పేజీలకు పేజీలు రాసేవారు. నేనూ చదువుకున్నదాన్నే. ఏం రాస్తున్నారని అడిగితే, "బురద సంగతి, నీకెందుకులే" అనేవారు.

మట్టి నిండిన ప్రతి గొట్టం పై కొసకు ఆయన నూనెలో కలిపిన కుంకుమ బొట్టు పెట్టేవారు. రంగుతో గుర్తు పెడితే మోసేవాళ్ళు పట్టించుకోక తలకిందులుగా నిలబెట్టేవాళ్ళు.

"బొట్టుండే పక్కను మనోళ్ళు నేలకి ఆనిస్తారా అబ్బా?" అని స్నేహితులతో చెప్పి నవ్వేవారు.

ఆయన గుండెపోటుతో పోయారు. పదో రోజు నా బొట్టు తీసేశారు. ఆ మధ్యాహ్నమే మా అత్త వెనక గదిలో గొట్టాలు చూసింది.

"నా కొడుకే పోయినాక ఈ బొట్లు ఎవురికి? కడిగేయండి" అంది.

నాకు తెలిసేసరికి గొట్టాలన్నీ తోమి ఎండకు పెట్టి ఉన్నాయి. రెండు కొసలూ మైనంతో మూసినవే. ఏది పైదో చెప్పేవాళ్ళు లేరు.

చలికాలంలో ఇంగ్రిడ్ వచ్చింది. నేను ఊహించుకున్నంత అందగత్తె కాదు. అదీ నచ్చలేదు నాకు. గొట్టాల సంగతి విని ఆమె ఏడ్చింది. కోసి చూసినా అంతా ఒకే నల్లమట్టి అనీ, పై కొస తెలియకపోతే తన ల్యాబు తీసుకోదనీ, ఆయన శ్రమంతా పారబోయాల్సిందేననీ చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఒక్కతే ఆ గదిలో కూర్చుంది. గదికి ఒకటే తలుపు. ఆ తలుపు దగ్గరే నేనూ మా అత్తా నానబెట్టిన అనపగింజలు పొట్టు పోయేలా పితుకుతున్నాం.

కాసేపటికి ఇంగ్రిడ్ నవ్వుతూ బయటికి వచ్చింది. లోపలున్న మీ బంధువు ఎంత సాయం చేశాడో అని ఇంగ్లీషులో అంది. కళ్ళద్దాలు తీసి, వాటి కాడతో ఒక్కో గొట్టాన్నీ తట్టి చూపించాడట. ప్రతిసారీ ఒకే మాట అన్నాడట. ఆ మాట కూడబలుక్కుంటూ పలికింది.

"సూడు మే, ఇదే పైది."

కళ్ళద్దాల కాడతో తట్టడం ఆయన అలవాటు. 'మే' అని మా వైపు మొగుడు పెళ్ళాన్ని పిలుస్తాడు. మేమిద్దరమే ఉన్నప్పుడు తప్ప ఆయన నన్ను ఎన్నడూ అలా పిలవలేదు.

నేను తెలుగులో చెప్పగానే మా అత్త లేచింది. "యాడ? యాడుండాడు నా కొడుకు?" అంటూ గదిలోకి పరుగెత్తింది. గదిలో గొట్టాలు తప్ప ఎవరూ లేరు. ప్రతి గొట్టానికీ ఒక కొసన ఇంగ్రిడ్ సుద్దతో గీసిన గీత ఉంది.

ఆమె వాటిని తీసుకుపోయింది. పరీక్షల్లో అన్ని గొట్టాల్లోనూ మట్టి వయసు గీత ఉన్న కొస నుంచి కిందికి వరసగా పెరిగిందని తర్వాత రాసింది. వ్యాసం ఇద్దరి పేర్లతో అచ్చయింది. నేను సంతోషించాను. సంతోషం ఒక్కటే కాదు.

ఆ ఖాళీ గదిలో చాలా మధ్యాహ్నాలు కూర్చున్నాను. నన్నెవరూ పిలవలేదు.

ఆ రోజు ఆయన లోపలికి వెళ్ళి ఉంటే నన్ను దాటే వెళ్ళాలి. ఎలా వెళ్ళారో నాకు తెలియదు. నాతో ఒక్క మాటైనా అనకుండా ఎందుకు వెళ్ళారో, అది అసలే తెలియదు.